కుక్కకి థైరాయిడ్ పరీక్ష: బెంగళూరులో ఇంటి దగ్గరే, తక్కువ ఖర్చుతో ఏది చేయించాలి?

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం వైపు అపార్ట్‌మెంట్లలో మన తెలుగువాళ్ల ఇళ్లల్లో లాబ్రడార్లూ గోల్డెన్ రిట్రీవర్లూ బీగిల్‌లూ తక్కువేం లేవు. వాటికి ఆరేడేళ్లు వచ్చేసరికి చాలా ఇళ్లల్లో వినిపించే మాట ఒకటే: "వీడు ఈ మధ్య మరీ లావైపోతున్నాడు, పిలిస్తే లేవట్లేదు, బొచ్చు కూడా పల్చబడింది. థైరాయిడేమో!" ఆ ఇంట్లో అమ్మకో అత్తగారికో అప్పటికే థైరాయిడ్ మాత్ర నడుస్తుంటుంది. రక్తం తీసే కుర్రాడు కొన్ని నెలలకోసారి పొద్దున్నే ఇంటికే వచ్చి తీసుకెళ్తుంటాడు. "బాబూ, పనిలో పనిగా మావాడికీ కాస్త తీసెయ్" అనెయ్యాలనిపించడం సహజం.

అనుమానంలో తప్పులేదు. కుక్కలకి వచ్చే హార్మోన్ జబ్బుల్లో థైరాయిడ్ తగ్గిపోవడం ముందు వరసలోనే ఉంటుంది. ఎక్కువగా 4 నుంచి 10 ఏళ్ల మధ్య బయటపడుతుంది. గోల్డెన్ రిట్రీవర్, డాబర్‌మన్, బాక్సర్, కాకర్ స్పానియల్, బీగిల్, గ్రేట్ డేన్ జాతుల్లో ఇంకాస్త ఎక్కువ. చాలా కేసుల్లో శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున థైరాయిడ్ గ్రంథి మీద పడి దాన్ని తినేస్తుంది, లేదా గ్రంథి కారణం తెలియకుండా కుంచించుకుపోతుంది. చిక్కేమిటంటే, ఈ జబ్బు లేని కుక్కకి ఉందని రాసెయ్యడం చాలా సులువు. చవక పరీక్షలు ఎక్కువగా ఆ వైపే తప్పుతాయి. ఆ తప్పు పడితే కుక్క జీవితాంతం అక్కర్లేని మాత్ర మింగుతుంది, అసలు జబ్బు లోపల అలాగే ఉండిపోతుంది.

అందుకే నా సలహా మొదట్లోనే చెప్పేస్తున్నాను. ఇంటి దగ్గర చేయించుకోవాల్సింది గమనించడం, రక్తం తీయించడం వరకే. పరీక్ష మాత్రం కుక్కల లెక్కలు తెలిసిన ల్యాబ్‌లోనే జరగాలి. అన్నీ ఒకేసారి కాకుండా ముందు ఒక్క టోటల్ టీ4 (థైరాయిడ్ గ్రంథి చేసే ముఖ్యమైన హార్మోన్ రక్తంలో మొత్తం ఎంతుందో చూసే పరీక్ష) చేయించండి. అది బాగుంటే అక్కడితో ఆగిపోవచ్చు. తక్కువొస్తే, అదే రక్తంలో మిగిలిన సీరంతో (రక్తం గడ్డకట్టాక వేరయ్యే నీరు) రెండో మెట్టు ఎక్కండి: కుక్కల టీఎస్‌హెచ్ పరీక్ష, దాని సంగతి కింద చెప్తాను. మిగతాదంతా దీనికి కారణాలూ, మినహాయింపులూ.

ముందు రూపాయి ఖర్చులేని పని

ల్యాబ్‌కి ఫోన్ చేసే ముందు ఓ వారం రోజులు ఇంట్లో చూసుకోవాల్సినవి ఉన్నాయి. కొందరికి పరీక్ష అక్కర్లేదని ఇక్కడే తేలిపోతుంది.

మొదటిది తిండి. థైరాయిడ్ తగ్గిన కుక్క తిండి పెరగకుండానే బరువు పెరుగుతుంది. మన ఇళ్లల్లో తిండి పెరగలేదని గట్టిగా చెప్పగలిగేవాళ్లు ఎవరు? డ్రై ఫుడ్ కొలిచే వేస్తారు. ఆ పైన నాన్నగారు పెట్టే పెరుగన్నం ముద్ద, పిల్లలు అందించే పార్లే-జీ, వంటామె విసిరే చపాతీ ముక్క ఎవరి లెక్కలోకీ రావు. సంతానం కలక్కుండా ఆపరేషన్ అయిన కుక్కకి మునుపటికంటే తక్కువ తిండి చాలు, ఆ తగ్గింపు కూడా చాలా ఇళ్లల్లో జరగదు. ఫ్రిజ్ మీద ఓ కాగితం అంటించి, ఎవరు ఏం పెట్టినా దానిమీద రాయమనండి. చాలాసార్లు ఆ కాగితమే జబ్బు పేరు చెప్పేస్తుంది. బరువు చూడ్డానికి క్లినిక్‌కి వెళ్లక్కర్లేదు. ఎత్తుకోగలిగిన కుక్కయితే దాన్ని ఎత్తుకుని ఇంట్లో తూకం మీద నిలబడి, మీ బరువు తీసేస్తే సరి.

రెండోది బొచ్చు. థైరాయిడ్ వల్ల రాలే బొచ్చు సాధారణంగా రెండు డొక్కల మీదా సమానంగా పల్చబడుతుంది, తోక ఎలుక తోకలా బోసిపోతుంది, చర్మం నల్లబడి మందమెక్కుతుంది. దురద మాత్రం ఉండదు, పైన ఏదైనా ఇన్‌ఫెక్షన్ చేరితే తప్ప. రోజంతా గోక్కుంటూ పాదాలు నాకుతూ ఉంటే ముందు అనుమానించాల్సింది ఎలర్జీనీ, పిడుదుల్నీ, ఫంగస్‌నీ. ఇంకో మంచి గుర్తు ఉంది: ఎప్పుడో డ్రిప్ పెట్టడానికో స్కానింగ్ కోసమో గొరిగిన చోట నెలలు గడిచినా బొచ్చు రాకపోవడం.

చలి సంగతి బెంగళూరులో బాగానే పనికొస్తుంది. డిసెంబరులో కూడా గచ్చు మీదే పడుకునే కుక్క ఈ ఏడాది ఎండపొడ కోసం బాల్కనీలో వెతుక్కుంటుంటే రాసి పెట్టుకోండి. ముఖం ఉబ్బినట్టు, ఎప్పుడూ దిగులుగా ఉన్నట్టు కనబడటం, చెవుల్లో చీము మళ్లీ మళ్లీ రావడం, తొడ లోపలివైపు వేలు పెట్టి చూస్తే నాడి మునుపటికంటే నెమ్మదిగా కొట్టుకోవడం, ఇవన్నీ అదే జాబితాలోవి. కానీ నీళ్లు విపరీతంగా తాగుతూ, పదేపదే ఒంటేలుకి వెళ్తూ, పొట్ట కుండలా వేలాడుతుంటే అది థైరాయిడ్ దారి కాదు. షుగర్, కుషింగ్స్ (ఒంట్లో స్టెరాయిడ్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) లాంటివి చూడాలి. అలాంటి కుక్కని ఇంటి పరీక్షల జోలికి పోకుండా నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

మూడోది మందుల చీటీ. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ఎక్కువ డబ్బు మిగిల్చే కాగితం ఇదే. దురదకి ఇచ్చిన ప్రెడ్నిసలోన్, ఫిట్స్‌కి వాడే ఫినోబార్బిటోన్ టీ4ని కిందికి లాగేస్తాయి. సల్ఫా మందులు వారాల తరబడి వాడితే గ్రంథి పనే నిజంగా మందగిస్తుంది. చెవిలో వేసే చుక్కల్లోనూ ఒంటికి రాసే క్రీముల్లోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు, వాటినీ రాయండి. మందు ఆపాక పరీక్షకి ఎన్ని వారాలు ఆగాలో డాక్టర్ చెప్తారు. ఫిట్స్ మందు మాత్రం పరీక్ష కోసమని మీ అంతట మీరు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి.

ఇక టిక్ ఫీవర్, అంటే పిడుదులు కుట్టి అంటించే జబ్బు. బెంగళూరులో కుక్కని పెంచేవాళ్లకి దీన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. ఆ జబ్బు తెచ్చే ఎర్లిషియా క్రిమి పట్టిన కుక్క కూడా నీరసంగా పడుంటుంది, బొచ్చు కళ తప్పుతుంది, రక్తం తగ్గుతుంది. పైగా ఏ జబ్బు ఒంట్లో ఉన్నా శరీరం టీ4ని తగ్గించేసుకుంటుంది. గ్రంథి బాగానే ఉంటుంది, అంకె మాత్రం పడిపోతుంది. టిక్ ఫీవర్‌కి ఇచ్చే డాక్సీసైక్లిన్ కోర్సు మధ్యలో థైరాయిడ్ పరీక్ష చేయించడం డబ్బులు కాలవలో పోసినట్టే. కోర్సు అయి, కుక్క కోలుకుని, మామూలుగా తినడం మొదలెట్టాక చూడండి.

అంకెలు ఎక్కడ తిరగబడతాయి

మనుషుల ల్యాబ్‌లో 'థైరాయిడ్ ప్రొఫైల్' అంటే టీ3, టీ4, టీఎస్‌హెచ్ మూడూ కలిపి నాలుగైదు వందల్లో అయిపోతుంది. అంత చవక చూశాక కుక్కల ల్యాబ్ చెప్పే ధర గుండె గుభేల్‌మనిపిస్తుంది. కాబట్టి ఆ నాలుగైదు వందలకి ఏం వస్తుందో కాస్త విప్పి చూద్దాం.

టీ3 అనే ఇంకో థైరాయిడ్ హార్మోన్ కుక్కల్లో ఈ జబ్బు తేల్చడానికి పనికిరాదు. జబ్బున్న కుక్కల్లోనూ మామూలుగా ఉండొచ్చు, లేని వాటిలోనూ తగ్గొచ్చు. దాన్ని పక్కన పెట్టండి.

టీఎస్‌హెచ్ ఇంకా ప్రమాదం. ఇది థైరాయిడ్ గ్రంథిని పనిచెయ్యమని మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్, థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది. కుక్క టీఎస్‌హెచ్ వేరు, మనిషి టీఎస్‌హెచ్ వేరు. మనిషిదాన్ని పట్టుకోవడానికి తయారుచేసిన కిట్ కుక్కదాన్ని దాదాపు గుర్తే పట్టదు, తరచూ సున్నా దరిదాపుల్లో ఏదో అంకె ఇస్తుంది. థైరాయిడ్ నిజంగా పడిపోయిన కుక్కలో పెరిగి కనబడాల్సిన టీఎస్‌హెచ్ అక్కడ సున్నా అని వస్తే, చదివేవాళ్లు ఎటు పోతారో ఊహించుకోండి. కుక్కలకి 'కెనైన్ టీఎస్‌హెచ్' అని విడిగా పరీక్ష ఉంటుంది. దాని కొలత కూడా వేరు: మనిషి రిపోర్టులో మైక్రో ఇంటర్నేషనల్ యూనిట్లు ఉంటాయి, కుక్క రిపోర్టులో మిల్లీలీటర్‌కి నానోగ్రాములు ఉంటాయి, మామూలు కుక్కల్లో ఎక్కువ ల్యాబ్‌ల లెక్కన 0.5 లేదా 0.6 లోపు. రిపోర్టు చేతికొచ్చాక ఆ యూనిట్ ఒక్కటి చూస్తే చాలు, ఏ కిట్‌తో చేశారో తెలిసిపోతుంది.

మిగిలింది టీ4. ఇది ఏ జీవిలోనైనా ఒకే పదార్థం కాబట్టి మనుషుల మెషీన్ కూడా కొలవగలదు. కానీ కుక్క రక్తంలో ఇది మనిషికంటే చాలా తక్కువ ఉంటుంది. మనిషికి డెసిలీటర్‌కి సుమారు 5 నుంచి 12 మైక్రోగ్రాములు మామూలైతే, కుక్కకి సుమారు 1 నుంచి 4. మీ కుక్కకి 2.2 వచ్చిందనుకోండి. కుక్కల లెక్కలో అది దివ్యమైన అంకె. మనుషుల రిపోర్టులో దాని పక్కన నల్లగా 'లో' అని అచ్చవుతుంది. దాన్ని ఫొటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడితే సాయంత్రానికల్లా మాత్ర పేరు కూడా ఎవరో ఒకరు చెప్పేస్తారు. కొలెస్ట్రాల్‌దీ ఇదే కథ. 250 అంటే మనకి కంగారు, కుక్కకి మామూలే.

అంటే ఆ చవక ప్రొఫైల్‌లో మూడింట ఒక్కటే కుక్కకి పనికొచ్చేది. ఆ ఒక్కటీ తప్పు పట్టిక పక్కన అచ్చవుతుంది. దానికితోడు మనుషుల మెషీన్ కుక్కలుండే ఆ అడుగు అంకెల దగ్గర అంత నిక్కచ్చిగా ఉండాలనీ లేదు.

దారులు ఒక్కొక్కటీ

ఆన్‌లైన్‌లో దొరికే రాపిడ్ కార్డులతో మొదలుపెడదాం, ఎందుకంటే వీటిని తీసెయ్యడం తేలిక. వేలి చుక్కతో థైరాయిడ్ చూపించే కార్డులు మనుషుల టీఎస్‌హెచ్ కోసం తయారైనవి. టీఎస్‌హెచ్ పెరిగితే గీత వస్తుంది. కుక్క టీఎస్‌హెచ్‌ని అది గుర్తుపట్టదు కాబట్టి జబ్బు ఉన్నా గీత రాదు. "అమ్మయ్య, ఏం లేదు" అనుకుని ఏడాది గడిపేస్తారు. బొచ్చు పోస్టులో పంపితే హార్మోన్లన్నీ చెప్తామనే వాళ్లకి కూడా ఓ దణ్ణం. ఉచితంగా ఇచ్చినా వద్దు.

మనుషుల ల్యాబ్ కుర్రాడిని ఇంటికి పిలవడం రెండోది. చాలా ల్యాబ్‌లు జంతువుల రక్తం తీసుకోవు, తీసుకుంటామన్నా పైన చెప్పిన లెక్కల గొడవ ఉండనే ఉంది. అంతకంటే ముందు ఆ కుర్రాడి సంగతి ఆలోచించండి. కుక్కని పట్టుకోవడం, ముందుకాలి నరం వెతకడం అతనికి నేర్పినవాళ్లు లేరు. కరిస్తే రేబిస్ టీకాల కోర్సు అతనికి, ఫిర్యాదు మీకు.

మూడోది పశువైద్యుల హోమ్ విజిట్. డాక్టరో, శిక్షణ ఉన్న అసిస్టెంటో ఇంటికొచ్చి రక్తం తీసి వెటర్నరీ ల్యాబ్‌కి పంపుతారు. బెంగళూరులో ఇప్పుడు ఇది అరుదైన సేవేం కాదు. సర్జాపూర్ రోడ్డు నుంచి సిల్క్‌బోర్డ్ మీదుగా భయపడే కుక్కని కారులో తిప్పే అవస్థ తప్పుతుంది. 40 కిలోల కుక్క ఉన్నవాళ్లకీ, ఇంట్లో కారు లేనివాళ్లకీ, ఆటోవాళ్లు ఎక్కించుకోనివాళ్లకీ ఇదే దారి. నాకు నచ్చేదీ ఇదే, కొన్ని షరతులతో.

షరతులు ఫోన్‌లోనే తేల్చుకోవాలి. ధర అడిగినప్పుడు "మొత్తం ఎంత" అని అడక్కండి. ఇంటికి వచ్చే ఛార్జీ, రక్తం తీసే ఛార్జీ, టోటల్ టీ4 ఒక్కదాని ధర, కెనైన్ టీఎస్‌హెచ్ ఒక్కదాని ధర, నాలుగూ విడివిడిగా అడగండి. 'ప్యాకేజీ' అనగానే అందులో టీ3 ఉందేమో చూడండి. తర్వాత అసలు ప్రశ్న: టీ4 తక్కువొస్తే అదే శాంపిల్ మీద టీఎస్‌హెచ్ చేస్తారా, సీరం ఎన్నిరోజులు దాచిపెడతారు? మంచి ల్యాబ్ దీనికి తడుముకోకుండా జవాబు చెప్తుంది. ఈ ఒక్క ప్రశ్నతో రెండో విజిట్ ఖర్చు, కుక్కకి రెండో సూది రెండూ తప్పుతాయి. అవతలివాళ్లకి హిందీ, ఇంగ్లీషు నడవకపోతే కన్నడంలో "సర్, నాయిదు బ్లడ్ టెస్టు, కెనైన్ టీఎస్‌హెచ్ మాడ్తీరా?" అంటే చాలు, పని జరిగిపోతుంది.

రక్తం ల్యాబ్‌కి చేరే వేళ కూడా అడగండి. రెండు మూడు మిల్లీలీటర్లు చాలు. ఎర్ర మూతో పసుపు మూతో ఉన్న ట్యూబులో తీస్తారు, గడ్డకట్టాక తిప్పి సీరం వేరు చేస్తారు. టీ4 మరీ సుకుమారమైనదేం కాదు, కానీ వేరు చెయ్యని రక్తం బైకు డిక్కీలో మధ్యాహ్నమంతా ఊరేగితే కణాలు చితికి సీరం ఎర్రబడుతుంది, అప్పుడు అంకెల మీద నమ్మకం పోతుంది. ఐస్ ప్యాక్ ఉన్న డబ్బా తెస్తారో లేదో చూడండి. శనివారం సాయంత్రం స్లాటు తీసుకోకండి.

ముందురోజు రాత్రి తిండి తర్వాత పొద్దున్న ఏమీ పెట్టొద్దు, నీళ్లు మాత్రం ఇవ్వొచ్చు. టీ4 కోసం పస్తు తప్పనిసరి కాదు గానీ, తిన్నాక తీస్తే సీరం పాలలా తెల్లబడుతుంది, థైరాయిడ్ తగ్గిన కుక్కల్లో అసలే కొవ్వు ఎక్కువ. కొలెస్ట్రాల్ కూడా కలిపి చేయించాలంటే పస్తు ఉండాల్సిందే. ఈ ముక్క ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పండి, లేకపోతే పొద్దున్నే కాఫీతోపాటు బిస్కెట్ పడిపోతుంది.

నాలుగోది, మీ దగ్గర్లోని క్లినిక్‌లో ఉండే చిన్న మెషీన్. ఐడెక్స్, వీచెక్ లాంటివాటిలో కుక్క టీ4 చూసే వీలుంది. అరగంటలోపు అంకె చేతికొస్తుంది. క్లినిక్ నడకదూరంలో ఉండి కుక్క గొడవ చెయ్యదంటే ఇది హోమ్ విజిట్ కంటే చవకే పడొచ్చు. అంకె స్పష్టంగా మధ్యలోనో పైనో ఉంటే నమ్మేసి ఇంటికి వచ్చెయ్యండి. కింది హద్దు దగ్గర తచ్చాడుతుంటే మాత్రం మెషీన్ మాట మీద మందు మొదలెట్టకుండా, అదే రక్తాన్ని పెద్ద ల్యాబ్‌కి పంపమనండి.

అయిదోది ప్రభుత్వ దారి. హెబ్బాళ్‌లో 1958లో మొదలైన పశువైద్య కళాశాల ఉంది, దాని ఆసుపత్రిలో నిపుణులు చూస్తారు. క్వీన్స్ రోడ్డులో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. చూపించుకునే ఖర్చు ప్రైవేటుతో పోలిస్తే బాగా తక్కువ. ఇంటి దగ్గర సౌకర్యం కాదు, ఓ పూట పోతుంది, వరసలో రకరకాల జంతువుల మధ్య నిలబడాలి. హార్మోన్ పరీక్ష ఆరోజు అక్కడే చేస్తారో బయటికి రాసిస్తారో ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి. బయటికే రాసిచ్చినా నష్టం లేదు. చర్మం జబ్బా, హార్మోన్ జబ్బా అని చూసి చెప్పే అనుభవమున్న చెయ్యి అక్కడ దొరుకుతుంది. నిజానికి బొచ్చు సమస్యతో వెళ్లేవాళ్లకి నేను మొదట చెప్పేది హెబ్బాళే. చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే డెమోడెక్స్ పురుగు అక్కడికక్కడే కనబడుతుంది, థైరాయిడ్ ఊసే రాదు.

ఇక పెద్ద ప్యానెల్. డయాలిసిస్ పద్ధతిలో ఫ్రీ టీ4, కెనైన్ టీఎస్‌హెచ్, థైరోగ్లోబ్యులిన్ యాంటీబాడీ కలిపి. ఫ్రీ టీ4 అంటే రక్తంలో ప్రోటీన్లకి అంటుకోకుండా విడిగా ఉన్న టీ4, డయాలిసిస్ అంటే దాన్ని పొరలోంచి వేరుచేసి కొలిచే పద్ధతి. ఒంట్లో వేరే జబ్బు ఉన్నప్పుడు టోటల్ టీ4 పడిపోయినంతగా ఫ్రీ టీ4 పడిపోదు, అందుకే దానికి విలువ. కానీ డయాలిసిస్ పద్ధతి అని రాసుంటేనే ఆ విలువ. ధరల పట్టీలో చవగ్గా 'ఎఫ్‌టీ4' అని కనబడేది చాలాసార్లు మామూలు పద్ధతిది, అది టోటల్ టీ4 చెప్పినదానికంటే కొత్తగా చెప్పేదేం ఉండదు. యాంటీబాడీ పరీక్ష గ్రంథి మీద దాడి జరుగుతోందో లేదో చెప్తుంది, గ్రంథి ఇప్పుడు ఎంత పనిచేస్తోందో చెప్పదు. మామూలు ఇంటి కుక్కకి మొదటిసారే ఈ ప్యానెల్ అక్కర్లేదు.

వచ్చిన అంకెని ఎలా చదవాలి

టోటల్ టీ4 కుక్కల పట్టికలో మధ్యలోనో పైనో ఉంటే థైరాయిడ్ తగ్గలేదనే అనుకోవచ్చు. అరుదుగా రక్తంలో టీ4 మీదే యాంటీబాడీలు ఉండి అంకెని అబద్ధంగా పెంచుతాయి. లక్షణాలన్నీ అచ్చంగా థైరాయిడ్‌వే అయి, అంకె ఒక్కటే బాగుంటే డాక్టర్‌కి ఆ సంగతి గుర్తుచెయ్యండి.

టీ4 తక్కువొస్తే? ఒక్కదాన్నే పట్టుకుని ఏమీ తేల్చకూడదు. కుక్కల్లో టీ4 ఒకే రోజులో పైకీ కిందికీ ఊగుతుంది, ముసలితనంలో కాస్త తగ్గుతుంది, జబ్బుల్లో తగ్గుతుంది, మందుల్లో తగ్గుతుంది. తక్కువ టీ4తో పాటు కెనైన్ టీఎస్‌హెచ్ ఎక్కువొచ్చి, లక్షణాలూ కలిస్తే జబ్బు దాదాపు ఖాయం. టీఎస్‌హెచ్ మామూలుగా వచ్చిందని జబ్బు లేదనీ చెప్పలేం, ఎందుకంటే జబ్బున్న కుక్కల్లో దాదాపు నాలుగో వంతులో అది పెరగదు. అలాంటప్పుడే డయాలిసిస్ ఫ్రీ టీ4 మీద పెట్టే డబ్బుకి అర్థం ఉంటుంది. కొలెస్ట్రాల్ కూడా మంచి సాక్షి: థైరాయిడ్ తగ్గిన కుక్కల్లో నాలుగింట మూడు వంతుల వాటికి అది పెరుగుతుంది. రక్తహీనత కొంచెంగా కనబడొచ్చు. అందుకే టీ4తో పాటు రక్తకణాల లెక్క, లివర్, కిడ్నీ, కొలెస్ట్రాల్ ఒకే సూదిలో తీయించడం దుబారా కాదు. వేరే జబ్బేదైనా ఉంటే అది కూడా అక్కడే పట్టుబడుతుంది.

మీ ఇంట్లో ఏ కుక్క?

ఏడేళ్ల లాబ్రడార్, ఆపరేషన్ అయింది, లావు, బొచ్చు నిగనిగలాడుతోంది, ఆకలి బ్రహ్మాండంగా ఉంది. ఈ కుక్కకి పరీక్ష ఖర్చు ఇప్పుడే వద్దు. రెండు నెలలు తిండి కొలిచి పెట్టండి, సాయంత్రం లేఅవుట్ చుట్టూ ఇంకో రౌండు తిప్పండి. బరువు దిగకపోతే అప్పుడు టీ4.

ఆరేళ్ల గోల్డెన్, తోక బోసిపోయింది, డొక్కల మీద పల్చబడింది, దురద లేదు, చెవులు మళ్లీ మళ్లీ. హోమ్ విజిట్, టీ4, కొలెస్ట్రాల్, రక్తకణాలు, సీరం దాచమని మాట తీసుకోవడం. ఆలస్యం చెయ్యొద్దు.

గోక్కునే బీగిల్, నెలగా స్టెరాయిడ్ మీద ఉంది. ఇప్పుడు చేయించేది ఏదైనా వృథా. ముందు దురద సంగతి చూడనివ్వండి.

ముధోల్, చిప్పిపారై, రాజపాళయం లాంటి మన వేటకుక్కలు పెంచుకునేవాళ్లకి ఓ ప్రత్యేకమైన మాట. గ్రేహౌండ్, సలూకీ, విప్పెట్ లాంటి పరుగు కుక్కల్లో టీ4 పుట్టుకతోనే మామూలు పట్టికకంటే కింద ఉంటుందని బాగా తెలిసిన విషయం. మన ముధోల్ కూడా ఆ ఒడ్డూ పొడుగూ ఉన్న కుక్కే. కాబట్టి రిపోర్టులో 'లో' అని చూడగానే మందు రాసే డాక్టర్‌కి జాతి పేరు గట్టిగా చెప్పండి, టీఎస్‌హెచ్ చూడకుండా ఒప్పుకోకండి. పక్క వీధి నుంచి తెచ్చుకున్న ఇండీ కుక్కకి ఈ జబ్బు రాకూడదని లేదు, కానీ నీరసంగా ఉంటే ముందు టిక్ ఫీవర్ పరీక్షకే డబ్బు పెట్టండి.

గోల్డెన్‌కో డాబర్‌మన్‌కో పిల్లలు పెట్టించాలనుకునేవాళ్ల లెక్క వేరు. లక్షణాలు లేకపోయినా యాంటీబాడీ పరీక్ష వాళ్లకి అవసరమే. అమెరికాలో ఓఎఫ్‌ఏ అనే సంస్థ జాతి కుక్కల థైరాయిడ్ రిజిస్టర్ నడుపుతోంది. అందులోకి ఎక్కాలంటే డయాలిసిస్ ఫ్రీ టీ4, కెనైన్ టీఎస్‌హెచ్, యాంటీబాడీ మూడూ చూపించాలి. పిల్లల్ని వేలకి వేలు పోసి అమ్మేవాళ్లు ఆ మాత్రం ఖర్చు పెట్టడం ధర్మమే. కొనేవాళ్లు కూడా తల్లిదండ్రుల రిపోర్టు అడగొచ్చు, మొహమాటం ఎందుకు?

ఇంకో దారి గురించి కూడా వింటుంటాం: "పరీక్షలెందుకండీ, థైరోనార్మ్ (మనుషులు వాడే థైరాక్సిన్ మాత్ర) ఓ రెండు నెలలు వేసి చూద్దాం." చవగ్గా కనబడుతుంది. కానీ థైరాక్సిన్ మాత్ర జబ్బు లేని కుక్కకి కూడా బొచ్చు మొలిపిస్తుంది, హుషారు తెస్తుంది. కాబట్టి 'గుణం కనిపించింది' అన్నంత మాత్రాన ఏదీ రుజువు కాదు. ఈలోగా బయటి మాత్ర వస్తోంది కదా అని కుక్క సొంత గ్రంథి నిద్రపోతుంది. తర్వాత అనుమానం వచ్చి సరైన పరీక్ష చేయించాలంటే మాత్ర ఆపి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. గుండె జబ్బో, అడ్రినల్ గ్రంథి లోపమో దాగి ఉన్న కుక్కకి ఈ ప్రయోగం ప్రాణం మీదికి తేవచ్చు. అమ్మ సీసాలోంచి ఓ మాత్ర తీసి వేసేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి: కుక్కల మోతాదు మనిషి మోతాదులా ఉండదు. డాక్టర్లు సాధారణంగా కిలో బరువుకి 20 మైక్రోగ్రాముల దగ్గర మొదలుపెడతారు, 30 కిలోల కుక్కకి అది ఒక పూటకి 600. మందుల షాపులో "ఇంత డోసు ఎవరికండీ?" అని అడిగితే చీటీ చూపించండి. సొంత లెక్కతో అంత ఇవ్వడానికి వీల్లేదు, అమ్మ మాత్ర ఒకటి ఇస్తే ఏ ఉపయోగమూ లేదు.

జబ్బు ఖాయమయ్యాక ఖర్చు

మాత్రలు మరీ ఖరీదైనవి కావు. అసలు ఖర్చు మళ్లీ మళ్లీ చేయించే టీ4ది. కాబట్టి మొదట్లో ల్యాబ్ ఎంచుకునేటప్పుడే ఈ తిరుగు పరీక్షల ధర కూడా లెక్కలో వేసుకోండి. ప్రతిసారీ అదే ల్యాబ్‌లో చేయిస్తే అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చి చూసుకోవచ్చు. మందు మొదలైన నాలుగు నుంచి ఎనిమిది వారాలకి మొదటి పరీక్ష ఉంటుంది, దాన్నిబట్టి మోతాదు సరిచేస్తారు. హుషారు ఒకటి రెండు వారాల్లోనే వస్తుంది, బొచ్చుకి నెలలు పడుతుంది, మొదట్లో పాత బొచ్చు ఇంకాస్త రాలుతుంది కూడా. అది చూసి మందు మానేయకండి. మాత్ర తిండితో ఇస్తే ఎప్పుడూ తిండితోనే, ఖాళీ కడుపున ఇస్తే ఎప్పుడూ అలాగే ఇవ్వాలి. అస్తమానం ఆయాసపడుతూ, నిలవలేక తిరుగుతూ, నీళ్లు ఎక్కువ తాగుతుంటే మోతాదు ఎక్కువైందేమో అని వెంటనే ఫోన్ చెయ్యండి.

ఈ తిరుగు పరీక్షకి రక్తం మాత్ర వేసిన 4 నుంచి 6 గంటల మధ్య తియ్యాలి. ఇంటికొచ్చే సేవలన్నీ పొద్దున్న ఆరూ ఏడు గంటల స్లాట్లే ముందు చూపిస్తాయి, అమ్మకి అలవాటైన వేళ కూడా అదే. కుక్కకి ఎనిమిదింటికి మాత్ర వేస్తే రక్తం పన్నెండు, రెండు మధ్య తీయించాలి. బుక్ చేసేటప్పుడు మధ్యాహ్నం స్లాటు అడగండి, మాత్ర వేసిన టైము ఫారం మీద రాయించండి.